గోడలు కంపెనీవి... గుడ్డలు మనవి!

నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన మనిషి స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పక్క మీద వాలేసరికి తొమ్మిదవుతుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా పనిలో పడుతుంది. మన కుక్కర్ కూతలు, పక్కింటి మిక్సీ, నల్లా దగ్గర బిందెల చప్పుడు, కూరగాయల బండి కేక... వీటికి తోడు తూర్పు కిటికీలోంచి నేరుగా ముఖం మీద పడే ఎండ! ఆ మనిషి అటూ ఇటూ పొర్లి పొర్లి పన్నెండింటికే లేచి కూర్చుంటే తప్పెవరిది?

"ఏం చేయాలక్కా, ఆయనకు నిద్రనే పడ్తలేదు. మల్ల రాత్రి డ్యూటీకి పోవాలె. కండ్లు ఎర్రగ చేస్కొని పోతుండు" అంది మా వరుసలోనే ఉండే ఒక చెల్లె మొన్నీమధ్య. కిటికీకి ఏం కట్టావమ్మా అని అడిగాను. "నెట్ కర్టెన్ ఏసిన. సూడ మంచిగుంటది" అంది. వెళ్ళి చూశాను. నిజంగానే ముచ్చటగా ఉంది. కాని ఆ గదిలో పగలు తొమ్మిదింటికి పేపరు చదువుకోవచ్చు, అంత వెలుతురు!

నిద్ర చాలని మనిషి బాయి మీదికి పోతే ఏమవుతుందో సింగరేణి ఇల్లాలికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. డంపర్ నడిపేవాడైనా, కప్పు కింద పనిచేసేవాడైనా రెప్ప వాలితే ప్రమాదమే. అందుకే ఈ వారం ఇంటి అలంకరణ ముచ్చట్లు షోకేసు దగ్గర కాకుండా పడకగది కిటికీ దగ్గర మొదలుపెడదాం.

ఈమధ్య పుస్తకాల్లో, సినిమాల్లో చూస్తూనే ఉన్నాం. కిటికీకి ఒకదాని వెనక ఒకటి రెండు మూడు తెరలు, సోఫా మీద శాలువా, దాని మీద రంగురంగుల కుషన్లు, నేల మీద తివాచీ, దాని మీద ఇంకో చిన్న పట్టా. ఇలా గుడ్డ మీద గుడ్డ పరిచి, నునుపు పక్కన గరుకు పేర్చి గదికి నిండుదనం తేవడం ఒక పద్ధతి. బాగుంటుంది, కాదనను. కాని ఆ బొమ్మలు తీసిన ఇళ్ళ పక్కన ఓపెన్‌కాస్ట్ గని ఉండదు. మనకు ఒకపక్క గనులు, ఇంకోపక్క 1983లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన రామగుండం ఎన్టీపీసీ. పొద్దున తుడిచిన టీపాయ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఇక్కడ మనం పరిచే ప్రతి పొరా రేపు మనం ఉతకాల్సిన బట్టే! అందుకని నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఏ పొరకైనా ఒక పని ఉండాలి. వెలుతురు ఆపాలి, లేదా వేడి ఆపాలి, లేదా చప్పుడు తగ్గించాలి, అదీ కాకపోతే కింది బట్టని దుమ్ము నుంచి కాపాడాలి. ఏ పనీ చేయని పొర ఎంత అందంగా ఉన్నా దానికి మన ఇంట్లో చోటు లేదు.

కిటికీకి రెండు కడ్డీలు

పడకగది కిటికీకి ఒక కర్టెన్ చాలదు. రెండు కడ్డీలు పట్టే బ్రాకెట్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. కిటికీ వైపు కడ్డీకి మందపాటి గుడ్డ, గది వైపు కడ్డీకి మీకు నచ్చిన రంగు గుడ్డ.

ఈ లోపలి గుడ్డ విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వెలుతురు ఆగాలి కదా అని నల్లటిదో, ముదురు నీలందో తెచ్చి కిటికీకి కడతారు. ముదురు రంగు ఎండని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోకే వస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలు మనకు కొత్త కాదు. కాబట్టి కిటికీ వైపు ఉండే గుడ్డ తెలుపో, గోధుమరంగో ఉండాలి, గది వైపుది ముదురుగా ఉండాలి. లేతరంగు గుడ్డ ఎండని వెనక్కి కొడుతుంది, ముదురు గుడ్డ మిగిలిన వెలుతురుని మింగేస్తుంది. అప్పటికీ చీకటి చాలకపోతే రెండింటికీ మధ్య పాత దుప్పటి ఒకటి లోగుడ్డగా వేసి కుట్టించండి. మూడు పొరలయ్యేసరికి మిట్టమధ్యాహ్నం కూడా గది మసకబారుతుంది. లోగుడ్డకి కొత్త బట్ట కొనకండి, డబ్బు దండగ.

కొలతలు కూడా చెబుతాను, టైలర్ దగ్గర తడుముకోకుండా ఉంటుంది. కిటికీ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉందనుకుందాం. కడ్డీ కిటికీ అంచు దాకా ఆపేస్తే పక్కలనుంచి ఎండ దూరుతుంది. అందుకే కడ్డీని అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు పెంచి అయిదడుగులు చేయండి. కిటికీ పైన ఆరంగుళాల ఎత్తులో బిగించండి, కింద ఒక అడుగు వేలాడనివ్వండి. అంటే కర్టెన్ పొడవు అయిదున్నర అడుగులు. పై మడత, కింది మడత, ఉతికితే కుంచించుకుపోయేది కలుపుకుని ఒక్కో ముక్కకి రెండుంబావు మీటర్లు పడుతుంది. 48 అంగుళాల పన్నా గుడ్డయితే గది వైపు కర్టెన్‌కి మూడు ముక్కలు, అంటే ఏడు మీటర్లకి కాస్త తక్కువ. కిటికీ వైపు గుడ్డకి అన్ని కుచ్చులు అవసరం లేదు, రెండు ముక్కలు చాలు, నాలుగున్నర మీటర్లు. కాటన్ అయితే కుట్టించేముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేయడం మరిచిపోకండి. నేను మొదటిసారి మరిచిపోయాను. తొలి ఉతుకులోనే కర్టెన్ కిటికీ కంటే పొట్టిదయింది!

ఎండాకాలంలో ఈ తెరలు వేసే వేళ కూడా ముఖ్యమే. గది వేడెక్కాక వేస్తే వేడిని లోపల పెట్టి తలుపేసినట్టే. పొద్దున ఎండ ముదరకముందే కిటికీ మూసి రెండు తెరలూ లాగేయండి. రాత్రి చల్లబడ్డాక రెండూ తీసేయండి. అయితే కూలర్ నడుస్తుంటే మాత్రం ఎదుటి వైపు కిటికీయో, తలుపో కొంచెం తెరిచి ఉంచాలి. గాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ చల్లదనానికి బదులు చెమ్మ నింపుతుంది. పక్క తడితడిగా ఉండి ఒళ్ళంతా జిడ్డోడుతుంది.

చప్పుడు సంగతి. గుడ్డ కట్టినంత మాత్రాన పక్కింటి మిక్సీ వినపడకుండా పోతుందని నేను చెప్పను. కాని ఉత్త గోడలు, ఉత్త బండలు ఉన్న గదిలో గిన్నె పడితే ఖణేల్మని మోగుతుంది. అదే గదిలో నేలమీద శత్రంజీ, కిటికీకి మందపాటి తెర, తలుపుకి ఇంకో తెర ఉంటే ఆ మోత సగానికి సగం చస్తుంది. వంటింటికీ పడకగదికీ మధ్య తలుపుకి కర్టెన్ తప్పకుండా వేయండి. గిన్నెలు బోర్లించే గట్టు మీద పాత తువ్వాలు పరిచి చూడండి. పైసా ఖర్చు లేదు, తేడా ఆ రోజే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. వంటింటి కిటికీకి, గ్యాస్ పొయ్యి దగ్గరగా ఉండే తలుపుకి పాలిస్టర్ గుడ్డ వద్దు. అది అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అక్కడ పొట్టి కాటన్ తెరే మంచిది, అదీ పొయ్యికి దూరంగా.

2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు ఇంకా బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయా? సిరిసిల్ల మగ్గాల మీద నేసిన గుడ్డే కదా, ముందుగది కిటికీకి తెరగా బాగానే ఒదుగుతుంది. నున్నని గుడ్డ కాబట్టి దులిపితే దుమ్ము జారిపోతుంది. పడకగదికి మాత్రం అది పనికిరాదు, పలుచన.

పక్క మీద పొరలు

రెండు గదుల క్వార్టర్‌లో మంచమే సోఫా. పగలు చుట్టాలొస్తే దాని మీదే కూర్చుంటారు, పిల్లలు దాని మీదే రాసుకుంటారు, పిల్లి కూడా దాని మీదే! షిఫ్టు దిగొచ్చిన మనిషి మళ్ళీ అదే పక్క మీద పడుకోవాలి. ఇక్కడ పొరలు వేయడం తెలిస్తే మీకు సగం చాకిరీ తప్పుతుంది.

అన్నిటికంటే కింద పరుపు. దానికి పాత దుప్పట్లతో కుట్టిన తొడుగు, దిండుకి గలేబు ఉన్నట్టే. దాని మీద పడుకునే దుప్పటి, మెత్తని నూలుది. వీటన్నిటి మీదా పగలంతా కప్పి ఉంచే పైదుప్పటి. అది కాస్త బరువుగా, దగ్గర నేతగా ఉండాలి. దుమ్మంతా దాని మీదే పడుతుంది. పడుకునే ముందు దాన్ని గబుక్కున లాగకండి. నాలుగు మూలలూ నడిమికి మడిచి, దుమ్ము లోపలే ఉండేట్టు మూటలా తీసి, వాకిట్లోకి తీసుకెళ్ళి దులపండి. గదిలో దులిపితే ఆ దుమ్ము గాల్లో తేలి తేలి మళ్ళీ దిండు మీదికే వస్తుంది, పడుకున్నవాళ్ళ ముక్కులోకి పోతుంది. గనిలో పీల్చిన దుమ్ము చాలదా, ఇంట్లోనూ పీల్చాలా?

ఉతికేటప్పుడు కూడా ఒక కిటుకు ఉంది. బొగ్గు దుమ్ము పడ్డ గుడ్డకి ముందే సబ్బు పట్టిస్తే ఆ నలుపు నూలులోకి ఇంకిపోతుంది. ముందు పొడిగా దులిపి, తర్వాత ఉత్త చన్నీళ్ళలో రెండుసార్లు జాడించి, నల్లనీళ్ళు పోయాకే సబ్బు. డ్యూటీ బట్టలు ఎప్పుడూ విడిగానే. పరుపు ఎండేసినప్పుడు పైన పాత చీర కప్పండి. లేకపోతే చెమ్మ పోయి దుమ్ము వస్తుంది.

పైదుప్పటి ఏది కొనాలి అంటే నేను చేనేత వైపే మొగ్గుతాను. యాదాద్రి జిల్లాలో పోచంపల్లి చీరలు అందరికీ తెలిసినవే. అదే చుట్టుపక్కల చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పట్లకి పేరుపడ్డ ఊరు. ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అచ్చు పైపైన వేసింది కాదు కాబట్టి డిజైన్ రెండువైపులా కనిపిస్తుంది. ఒకవైపు మాసిందనుకోండి, తిరగేసి వేయండి. చుట్టాలొచ్చే వేళకి ఇంతకంటే అక్కరకొచ్చే గుణం దుప్పటికి ఇంకేం కావాలి? పైగా ఆ గళ్ళు, అంచులు కలిసిపోయినట్టుండే డిజైన్‌లో చిన్నచిన్న మరకలు కనబడవు.

రంగుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. తెలుపు మన ఊళ్ళో నాలుగు రోజులకి బూడిదరంగు అవుతుంది. నలుపు అయితే మరీ కష్టం, దాని మీద బూడిద తెల్లగా కనబడుతుంది. ఇటుకరంగు, మట్టిరంగు, ఆకుపచ్చలో ముదురువి, పసుపులో ఆవాల పువ్వు రంగు, నీలిమందు రంగు... ఇవి మన దుమ్ముని దాచుకుంటాయి. కంపెనీ వేసిన సున్నం గోడకి మనం రంగు మార్చలేం. మేకు కొట్టాలన్నా ఆలోచించాలి. ఆ గోడ ముందు ఈ రంగుల గుడ్డలు వేలాడితే గది వెలవెలబోదు. గదికంతటికీ మూడు రంగులు మించకుండా చూసుకోండి. అందులో రెండు గుడ్డలవి, ఒకటి పచ్చని మొక్కది అయినా సరే.

వెల్వెట్ వ్యామోహం

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అయిదారేళ్ళ కిందట పట్నంలో ఒక షాపులో మెరూన్ వెల్వెట్ సోఫా చూసి మనసు పారేసుకున్నాను. మావారు వద్దంటూనే ఉన్నారు. తెచ్చాం. మొదటి నెల ఇంటికొచ్చిన వాళ్ళందరూ చేత్తో నిమిరి చూసేవాళ్ళు. రెండో నెల చెయ్యి పెట్టినచోటల్లా అయిదు వేళ్ళ గుర్తులు! వెల్వెట్‌కి నూగు ఉంటుంది, ఆ నూగు వేళ్ళ మధ్య బొగ్గు నుసి చిక్కుకుంటే దులిపినా రాదు, తడిగుడ్డతో తుడిస్తే బురదలా అట్టకడుతుంది. చివరికి దానికి మామూలు కాటన్ తొడుగు కుట్టించాను. ఇప్పుడు ఆ వెల్వెట్ ఎవరికీ కనబడదు, నాకు తప్ప.

అప్పుడు తెలిసొచ్చిందేమంటే, మన దగ్గర గరుకుదనం కావాలంటే అది నేతలో ఉండాలి, నూగులో కాదు. ఖద్దరు, జనపనార, జంపఖానా ఇవన్నీ చూడటానికి గరుగ్గా ఉంటాయి, కాని దులిపితే దులుపుడు పోతాయి. మెత్తటి నూగున్న తివాచీలు, శనీల్ కుషన్లు, కుచ్చుల మీద కుచ్చులు ఉన్న కర్టెన్లు పోవు. క్రోషే అల్లికలు? చేత్తో అల్లినవి కదా, పారేయమనను. టీవీలు గోడెక్కాక టీవీ కవర్ల పని అయిపోయింది. ఆ అల్లిక గుడ్డని టీపాయ్ మీద రంగు గుడ్డ పరిచి దాని మీద వేస్తే అల్లిక కంతల్లోంచి కింది రంగు కనబడి భలేగా ఉంటుంది. వారానికోసారి జాడిస్తే చాలు.

నేలకి వరంగల్ శత్రంజీని మించింది నాకు కనబడలేదు. కొత్తవాడలో నేస్తారు. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీలు పెట్టారంటే వాటి పేరు ఎంత పాతదో చూడండి! ఇప్పటి నూలు శత్రంజీలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూగు ఉండదు, రెండువైపులా వాడొచ్చు, చుట్ట చుట్టి వాకిట్లో తీగ మీద వేసి కట్టెతో నాలుగు దెబ్బలు వేస్తే దుమ్మంతా రాలుతుంది. పడకగదిలో మంచం పక్కన ఒకటి పరిచారంటే అడుగుల చప్పుడు కూడా తగ్గుతుంది.

మన బొంత, వాళ్ళ క్విల్టు

ఇంతసేపూ కొనే గుడ్డల గురించి చెప్పాను. అన్నిటికంటే మంచి పొర మీ అమ్మ కుట్టింది, అటక మీద ఉండి ఉంటుంది. అవును, బొంతే! నాలుగైదు పాత నూలు చీరలు పరిచి, అంచులు కలిపి, దగ్గర దగ్గరగా బారు కుట్లు వేసి కుట్టిన బొంత. కొత్త కోడళ్ళు చుట్టాల ముందు దాన్ని తీయడానికి సిగ్గుపడుతున్నారు. ఎందుకు సిగ్గు?

ఇంగ్లండ్ ఉత్తరాన డర్హామ్ అని ఒక బొగ్గు గనుల సీమ ఉండేది. అలాగే దక్షిణ వేల్స్. అక్కడి గని కార్మికుల భార్యలూ మనలాగే గుడ్డ మీద గుడ్డ వేసి, నడుమ దూదో ఉన్నో పెట్టి క్విల్టులు కుట్టేవాళ్ళు. మగడు గనిలో దెబ్బతిని మంచాన పడితేనో, పోతేనో, ఆ ఇల్లాలు క్విల్టు క్లబ్బు పెట్టేది. ఇరుగుపొరుగు వారంవారం కొంత డబ్బు కట్టేవాళ్ళు, ఆమె వంతులవారీగా ఒక్కొక్కరికి క్విల్టు కుట్టి ఇచ్చేది. చిట్టీలాగే అన్నమాట! ఆ సూదే ఆ ఇంటికి అన్నం పెట్టింది. 1928లో గనులు చితికిపోయి పనుల్లేని కాలంలో అక్కడి గ్రామీణ పరిశ్రమల సంస్థ ఈ ఆడవాళ్ళ క్విల్టులు అమ్మించే పథకం పెట్టింది. 1932 ప్రాంతంలో లండన్‌లోని క్లారిడ్జెస్ అనే ఖరీదైన హోటల్ కొత్త గదుల కోసం వాళ్ళ దగ్గర క్విల్టులు కుట్టించుకుంది. బొగ్గు పేటల్లో కుట్టిన గుడ్డ మీద రాజులూ రాణులూ దిగే హోటల్ పడుకుంది!

ఇంకో పని కూడా చేసేవాళ్ళు. చిరిగిన కోట్లు, లాగులు పీలికలు చేసి, గోనెపట్టా మీద ఒక్కొక్కటే గుచ్చి కాలిపట్టాలు తయారు చేసేవాళ్ళు. కొత్త పట్టా ముందుగదికి, పాతది వంటింటికి. మన గోనెసంచి పట్టాలకి అవి అక్కచెల్లెళ్ళే కదూ.

కాబట్టి బొంతని అటక మీంచి దించండి. ఎండలో వేసి, దులిపి, రెండువైపులా ఒకే రంగు గుడ్డతో తొడుగు కుట్టించండి. లేదా అంచులకి నాలుగంగుళాల పోచంపల్లి పట్టీ వేయించండి, బొంత కుట్లు నడిమిన కనబడనివ్వండి. మంచం కాళ్ళ వైపు మడిచి వేస్తే ఏ క్విల్టుకీ తీసిపోదు. డిసెంబరు చలికి కప్పుకోవచ్చు, ఎండాకాలం నేల మీద పరుచుకోవచ్చు. అమ్మ చీర చారలు అందులో ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి, అదొక ఊరట.

బొంత కుట్టేవాళ్ళు ఇప్పుడు తగ్గిపోతున్నారు. మీ అత్తగారికో, పొరుగు పెద్దమ్మకో చేతనైతే పక్కన కూర్చుని నేర్చుకోండి. చీరలు మరీ జీర్ణించినవి వద్దు, కుట్టు దగ్గరే చిరుగుతాయి. పైకీ కిందకీ గట్టివి, నడుమ మెత్తవి పెట్టాలి. నైలాన్, పాలిస్టర్ కలపకండి, చెమటకి ఉక్కపోస్తుంది.

బొమ్మలు, సామాన్లు

వీటి గురించి రెండు ముక్కలు చాలు. అలమారలో ఎన్ని బొమ్మలుంటే అన్నిటినీ తుడవాలి. మూడు పెట్టుకోండి, మిగతావి పెట్టెలో పెట్టి పండగ పండగకీ మార్చండి. నిర్మల్ బొమ్మలకి తడిగుడ్డ తగలనివ్వకండి, పొడి బ్రష్ చాలు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ సామాను ఉంటే గాజుపెట్టెలోనే ఉంచండి. ఆ సన్నటి తీగల మధ్య దుమ్ము పడితే తీయడం కష్టం, గాలికి వెండి నల్లబడుతుంది కూడా. పెంబర్తి ఇత్తడి చింతపండుతో మెరుస్తుంది, అది మనకు తెలిసిందే.

ఇక ఆ చెల్లె సంగతి. రెండు కడ్డీలు బిగించుకుంది. కిటికీ వైపు పాత తెల్ల దుప్పట్లే రెండు కలిపి కుట్టింది, గది వైపుకి లక్ష్మీనగర్‌లో ముదురు ఆకుపచ్చ గుడ్డ తీసుకుంది. నెట్ కర్టెన్ పారేయలేదు, ముందుగదికి మార్చింది. వారం తర్వాత కనబడితే అడిగాను. "మూడు గంటల దాంక లేస్తలేడక్కా. అన్నం సల్లారిపోతుంది" అని ఫిర్యాదు!

టైలర్‌కి ఇచ్చేటప్పుడు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ అయితే మందమర్రో, కొత్తగూడెమో పోవాలి. రిటైరయితే క్వార్టర్ ఖాళీ చేయాలి. గోడలు ఇక్కడే ఉంటాయి, గుడ్డలు మనతో వస్తాయి. అందుకే కర్టెన్ కింది మడతలో నాలుగంగుళాలు ఎక్కువ వదిలి కుట్టించండి. రేపు వెళ్ళే ఇంటి కిటికీ ఎంత ఎత్తుంటుందో ఇప్పుడే తెలియదుగా.